ఫ్యామిలీ కోర్టు మధ్యవర్తిత్వానికి పంపితే ఏమి సిద్ధం చేసుకోవాలి

విడాకులకో, భరణానికో, పిల్లల సంరక్షణకో కేసు వేసిన దంపతుల మధ్య ముందుగా రాజీకి ప్రయత్నించడం 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం 9వ సెక్షన్ కింద కోర్టు బాధ్యత. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి అప్పీలుగా వెళ్లిన ఒక దంపతుల కేసులో 2013లో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసి, కౌన్సిలింగ్ ఫలించకపోయినా ఇరుపక్షాలూ ఒప్పుకుంటే వ్యవహారాన్ని మధ్యవర్తిత్వ కేంద్రానికి పంపాలని చెప్పింది. కోర్టు పంపేదాకా ఆగనక్కరలేదు. మీరే మెమో (కోర్టుకిచ్చే చిన్న విన్నపపత్రం) వేసి అడగవచ్చు.

పెద్దమనుషుల పంచాయితీ చూసినవారు ఇక్కడ కూడా ఎవరో తీర్పు చెబుతారని భయపడుతుంటారు. మధ్యవర్తి తీర్పు చెప్పడు, మీకు ఇష్టం లేకుండా సంతకం పెట్టించలేడు. గదిలో అన్న మాటను తరువాత సాక్ష్యంగా వాడకూడదు. రాజీ కుదరకపోతే కుదరలేదన్న ఒక్క ముక్కే కోర్టుకు చేరుతుంది. కాబట్టి “ఇంతవరకైతే ఇవ్వగలను” అని అక్కడ నిర్భయంగా అనవచ్చు. ఎదురుగా కూర్చోవడానికి భయంగా ఉంటే, ముఖ్యంగా హింస జరిగిన ఇళ్లలో, విడిగా మాట్లాడతానని మొదటే చెప్పండి. లాయరును పెట్టుకోలేని స్త్రీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయరును పొందవచ్చు.

వెళ్లేముందు జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అప్పుల కాగితాలు, పిల్లల ఫీజు రసీదులు ఒక ఫైలులో పెట్టుకోండి. భరణం కేసుల్లో ఆస్తి అప్పుల అఫిడవిట్‌ను 2020లో సుప్రీంకోర్టు తప్పనిసరి చేసింది కనుక ఈ శ్రమ వృథా కాదు. బంధువర్గాన్ని వెంటబెట్టుకుని వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. దంపతులు దిగివచ్చినా వరండాలోని మేనమామ దిగిరాడు.

అసలు జాగ్రత్త పడవలసింది రాజీపత్రం రాసేటప్పుడు. “పెళ్లికి పెట్టిన బంగారం తిరిగి ఇవ్వవలెను” అని రాసి ఊరుకుంటే మళ్లీ తగాదాయే. నల్లపూసల గొలుసు ఎన్ని గ్రాములు, గాజులు ఎన్ని జతలు, ఏ తేదీన, ఎవరి సమక్షంలో అప్పగిస్తారు అన్నంత వివరంగా ఉండాలి. పిల్లలను చూడడానికి వారంలో ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ అన్నది, దసరా, సంక్రాంతి సెలవుల పంపకం, తండ్రో తల్లో విదేశంలో ఉంటే వీడియో కాల్ వేళలు, పాస్‌పోర్టు సంతకాలు, అన్నీ రాయించండి. అత్తింటి వేధింపుల కేసు ఉన్నట్లయితే అది రాజీపత్రంతో దానంతట అది పోదు. దాని కొట్టివేతకు హైకోర్టులో ఎవరు పిటిషన్ వేస్తారో, ఎవరు సహకరిస్తారో ఒక షరతుగా చేర్చాలి.

విడిపోవాలనే నిర్ణయిస్తే, హిందూ వివాహ చట్టం 13బి కింద పరస్పర సమ్మతితో విడాకులు కోరడానికి కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి. మొదటి మోషన్‌కూ (ఇద్దరూ కలిసి పిటిషన్ వేయడం), రెండవ దానికీ (అదే సమ్మతిని కోర్టులో మళ్లీ చెప్పడం) మధ్య ఆరు నెలల గడువును తగిన కేసుల్లో కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ (విడాకుల తుది ఉత్తర్వు) వచ్చేలోపు ఎవరైనా సమ్మతిని వెనక్కి తీసుకునే వీలుంది. అందుచేత శాశ్వత భరణం మొత్తాన్ని ఒకేసారి ముట్టజెప్పక, కొంత మొదటి మోషన్ నాడు, మిగిలినది రెండవ మోషన్ నాడు జడ్జి ఎదుట డీడీగా ఇచ్చేలా రాసుకోవాలి. రాజీ కుదరకపోతే కేసు ఆగినచోటి నుంచే మళ్లీ నడుస్తుంది.