హీటింగ్ ఆయిల్ తోడటానికి తోట పైపు వద్దు

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో చాలా పాత ఇళ్లను వెచ్చబెట్టడానికి ఇంకా హీటింగ్ ఆయిలే (డీజిల్ లాంటి ఇంధనం) దిక్కు. ఒక ట్యాంకులోంచి ఇంకోదానిలోకి తోడాలంటే చేతికందిన తోట పైపు తగిలించేస్తారు. అది మామూలుగా పీవీసీ. మెత్తదనం కోసం అందులో కలిపిన ప్లాస్టిసైజర్‌ను ఆయిల్ లాగేస్తుంది. పైపు బిరుసెక్కి, చలిలో వంచగానే చీలుతుంది. ఈపీడీఎం రబ్బరైతే ఉబ్బి, క్లాంపు దగ్గర జారిపోతుంది.

కొనేటప్పుడు పైపు మీద నైట్రైల్ లేదా ఎన్‌బీఆర్ (రెండూ ఒకటే, ఆయిల్‌ను తట్టుకునే రబ్బరు) అని, ఇంధనానికి పనికొస్తుందని అచ్చు ఉందో చూడండి. చేతి పంపుకైతే లోపలి వ్యాసం ముప్పావు అంగుళం నుంచి అంగుళం చాలు, పంపు మూతిని బట్టి. పీల్చే వైపు మాత్రం తీగచుట్ట ఉన్న పైపే వాడాలి. లేకపోతే పంపు తిప్పగానే పైపు గోడలు లోపలికి అతుక్కుపోతాయి (పాపం, నింద పంపు మీద పడుతుంది). కొసను ట్యాంకు అడుగుకు 3 అంగుళాలు పైన ఉంచితే మడ్డి పెద్దగా రాదు.

మొదలెట్టే ముందు బర్నర్ (ఇంటి వేడి కోసం ఆయిల్‌ను మండించే యంత్రం) ఆపండి. నోటితో మాత్రం పీల్చొద్దు. కాస్త ఆయిల్ ఊపిరితిత్తుల్లోకి పోయినా ఆసుపత్రే. ఇదే సరంజామాతో పెట్రోలు అసలే తోడొద్దు.