అభిమానులతో ఫుట్‌బాల్ క్లబ్బు ఎలా మాట్లాడాలి: సమావేశం, మినిట్స్, చెడ్డ కబురు

సీజన్ టికెట్ (సీజన్‌లోని హోమ్ మ్యాచ్‌లన్నిటికీ ఒకే టికెట్) ధర పెరిగిన సంగతి రెన్యువల్ ఫారం చేతికొచ్చాక తెలిస్తే, ఆ తర్వాత క్లబ్బు ఇచ్చే వివరణ ఎంత నిజమైనా సాకులాగే వినిపిస్తుంది. అవే లెక్కలు రెండు వారాల ముందు అభిమాన సంఘం ముందు పెట్టి ఉంటే కోపం ఎలాగూ వచ్చేది, కానీ వ్యవహారం వీధికెక్కేది కాదు. 2021 ఏప్రిల్ 18 ఆదివారం రాత్రి యూరప్‌లోని 12 పెద్ద క్లబ్బులు సూపర్ లీగ్ అనే సొంత పోటీ పెడుతున్నామన్నాయి. వాటి అభిమానులకు ఆ సంగతి అందరితో పాటే తెలిసింది. రెండు రోజులు తిరిగేసరికి అందులోని ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ వెనక్కి తగ్గాయి.

ముందు చెప్పడం, తేదీతో చెప్పడం, కుదరకపోతే కుదరదని కారణంతో చెప్పడం. కింద రాసిన పద్ధతులన్నీ ఈ మూడింటి కోసమే.

జవాబు చెప్పే మనిషి ఎవరు?

యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ పోటీల్లో ఆడే లైసెన్సు కావాలంటే క్లబ్బుకు, అభిమానులకు మధ్య నిలిచే సపోర్టర్ లైజన్ ఆఫీసర్, అంటే ఎస్‌ఎల్‌ఓ, ఉండి తీరాలన్న నియమం 2012-13 సీజన్ నుంచి ఉంది. వికలాంగ అభిమానుల సౌకర్యాలు చూసే అధికారి కూడా ఉండాలని 2015లో చేర్చారు. మీ క్లబ్బు ఆ స్థాయిది కాకపోయినా సరే, ఈ పని ఒక మనిషి పేరు మీద ఉండాలి. ఆ పేరు, ఫోను నంబరు స్టేడియం గోడ మీద కనిపించాలి.

ఎస్‌ఎల్‌ఓకి మూడు హక్కులు లేకపోతే ఆ పదవి ఉత్త అలంకారం. సీఈఓకి నేరుగా ఫోన్ చేయగలగాలి. మ్యాచ్‌కు ముందు జరిగే భద్రతా సమావేశంలో కుర్చీ ఉండాలి. బయటి మైదానంలో ఆడేటప్పుడు అభిమానులతో పాటు ప్రయాణించాలి. మార్కెటింగ్ విభాగంలో ఖాళీగా కనిపించినవాళ్లకు ఈ పని అంటగట్టడం తరచూ జరిగే తప్పు. వాళ్లు మాట్లాడే ప్రతి మాటా జెర్సీ అమ్మకంలా ఉంటుంది.

ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. స్టాండ్‌లో గొడవ జరిగాక భద్రతా సిబ్బంది సీసీటీవీ ఫుటేజీ పెట్టి, ‘వీళ్లలో ఎవరెవరో చెప్పు’ అని ఎస్‌ఎల్‌ఓని అడుగుతారు. ఒక్కసారి చెబితే చాలు, ఆ మనిషితో ఇంకెవరూ నోరు విప్పరు. ఆనవాలు పట్టే పని ఎస్‌ఎల్‌ఓది కాదని నియామక పత్రంలోనే రాసుకోండి.

అభిమానుల తరఫున ఎవరు కూర్చోవాలి?

ఎవరు గట్టిగా అరుస్తారో వాళ్లే అందరి తరఫు మనుషులని క్లబ్బులు అనుకుంటాయి. సీజన్ టికెట్‌దారులు, బయటి మ్యాచ్‌లకు వెళ్లేవాళ్లు, పిల్లలతో వచ్చే కుటుంబాలు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు, పాతికేళ్లలోపు వాళ్లు, మహిళా జట్టు అభిమానులు: వీళ్లలో ఒక్కో వర్గం నుంచి ఒకరిద్దరు చొప్పున 10 నుంచి 12 మంది సరిపోతారు. అంతకు మించితే అది సభ అవుతుంది. పదవీకాలం రెండేళ్లు. ఎంపిక అభిమానులే చేసుకోవాలి. క్లబ్బు ఎంచుకున్న ప్రతినిధులకు బయట విలువ ఉండదు. అలాంటివాళ్లతో కుదిరిన ఒప్పందం క్లబ్బు తనతో తాను కుదుర్చుకున్నట్టే.

క్లబ్బు వైపు నిర్ణయం తీసుకోగల మనిషి తప్పనిసరి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ 2023-24 నుంచి అమల్లో పెట్టిన నియమాల్లో ప్రతి క్లబ్బుకూ అభిమానుల సలహా మండలి ఉండాలనీ, అభిమానుల వ్యవహారాలకు బోర్డు స్థాయిలో ఒకరు జవాబుదారీగా ఉండాలనీ ఉంది. ‘పైవాళ్లను అడిగి చెబుతాను’ అనే మనిషిని పంపితే రెండో సమావేశానికి సగం మంది రారు.

సమావేశం జరిపే తీరు

ఏడాదికి నాలుగు నుంచి ఆరు. తేదీలన్నీ సీజన్ మొదట్లోనే ప్రకటించండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, తేదీ ముందే లేకపోతే వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడిన వారంలో సమావేశం తప్పకుండా వాయిదా పడుతుంది. సరిగ్గా ఆ వారమే అది అవసరం.

రెండు వారాల ముందు ఇరువైపుల నుంచీ అంశాలు అడగండి. ఎజెండా, దానికి సంబంధించిన లెక్కలు వారం ముందు పంపండి. అంశాలు ఆరుకు మించకూడదు, అందులో కనీసం సగం అభిమానులవి కావాలి. సమయం గంటన్నర. అధ్యక్షత ఒకసారి క్లబ్బుది, మరోసారి సంఘానిది. ఎవరిని ఆడించాలి, ఎవరిని కొనాలి, కోచ్‌ని ఉంచాలా తీసేయాలా అన్నవి ఇక్కడ చర్చకు రావని మొదటి సమావేశంలోనే తేల్చేయండి. అలా తేల్చకపోతే గంటన్నరలో గంట సెంటర్ ఫార్వర్డ్ మీదే గడుస్తుంది, మరుగుదొడ్ల సంగతి మళ్లీ వచ్చేసారికి.

గోప్యంగా చెప్పాల్సినవి కొన్ని ఉంటాయి: స్పాన్సర్ మార్పు, స్టేడియం పనుల టెండరు లాంటివి. వాటికి ‘గోప్యం’ అని మాత్రమే కాదు, ‘మార్చి 15 దాకా గోప్యం’ అని గడువు కూడా రాయండి. గడువు లేని రహస్యం ప్రతినిధులను ఇరకాటంలో పడేస్తుంది. బయట తోటివాళ్లు అడిగితే నీళ్లు నమలాలి, తర్వాత బయటపడితే ‘నీకు ముందే తెలుసు కదా’ అన్న మాట పడాలి.

మినిట్స్, అంటే సమావేశంలో అనుకున్నవాటి రాత, చిత్తుప్రతి ఐదు రోజుల్లో. సవరణలకు ఇంకో మూడు రోజులు. పదో రోజుకల్లా అందరికీ కనిపించేలా పెట్టాలి. రాసే తీరులోనే అసలు సంగతంతా ఉంది. చాలాచోట్ల ఇలా రాస్తారు:

‘ఉత్తరం స్టాండ్ మరుగుదొడ్ల సమస్యపై చర్చ జరిగింది. క్లబ్బు సానుకూలంగా స్పందించింది.’

దీన్ని పట్టుకుని మూడు నెలల తర్వాత ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేరు. ఇలా రాయాలి:

‘హాఫ్ టైమ్ 15 నిమిషాలైతే ఉత్తరం స్టాండ్‌లో క్యూలోనే 12 నిమిషాలు పోతున్నాయి. రెండో బ్లాకు వెనక తాళం వేసి ఉన్న గదులు తెరవాలని సంఘం అడిగింది. అక్కడ పైపులు పాడయ్యాయని స్టేడియం మేనేజర్ చెప్పారు. మరమ్మతు అక్టోబరు 20లోగా. అప్పటిదాకా తాత్కాలిక మరుగుదొడ్లు నాలుగు, వచ్చే హోమ్ మ్యాచ్ నుంచి. బాధ్యత: స్టేడియం మేనేజర్.’

తర్వాతి సమావేశం ఇలా రాసుకున్న పనుల పట్టికతోనే మొదలుకావాలి. ప్రతి పనికీ ఎదురుగా ఒకే మాట: జరిగింది, జరుగుతోంది, కుదరదు. ‘పరిశీలనలో ఉంది’ అన్నది రెండుసార్ల కన్నా ఎక్కువ కనిపిస్తే అది ‘కుదరదు’కి మారుపేరని అందరికీ తెలుసు. ఆ మాట మీరే అనేస్తే మర్యాదగా ఉంటుంది.

అభిప్రాయం అడిగేటప్పుడు

చిహ్నం, జెర్సీ రంగు, క్లబ్బు పేరు. ఈ మూడింటి జోలికి వెళ్లేటప్పుడు ఒకటికి పదిసార్లు ఆలోచించాలి. వేల్స్ క్లబ్బు కార్డిఫ్ సిటీ 2012లో నీలం జెర్సీని ఎరుపుకు మార్చి, 2015 జనవరిలో మళ్లీ నీలానికి వచ్చింది. ఇంగ్లండ్ క్లబ్బు లీడ్స్ యునైటెడ్ 2018 జనవరిలో కొత్త చిహ్నం చూపించి, పది వేల మందిని సంప్రదించామంది. గంటల్లోనే అంతకు ఎన్నో రెట్ల మంది వద్దంటూ పిటిషన్‌పై సంతకాలు చేశారు, చిహ్నం అటకెక్కింది.

పది వేల మందిని అడగడం తక్కువేమీ కాదు. ఏమడిగామన్నదే ముఖ్యం. ‘క్లబ్బు ఆధునికంగా కనిపించాలా?’ అంటే ఎవరైనా అవుననే అంటారు. ఆ అవునుని, వాళ్లకు చూపించని బొమ్మకు ఒప్పుకోలుగా వాడుకోకూడదు. అసలు బొమ్మలే చూపించండి. ‘ఇప్పుడున్నదే ఉంచండి’ అన్నది కూడా ఒక ఎంపికగా ఉండాలి. ఒక సభ్యత్వ నంబరుకు ఒక ఓటు. గడువు మూడు వారాలు. ఫలితం ఎటొచ్చినా ఓట్ల లెక్కతో సహా బయటపెడతామని ముందే రాసివ్వండి. ఇంగ్లండ్‌లోనే ఎవర్టన్ క్లబ్బు 2013లో మార్చిన చిహ్నంపై గొడవయ్యాక క్షమాపణ చెప్పి, మూడు నమూనాలు ముందుపెట్టి అభిమానులతోనే ఓటు వేయించింది. గెలిచిన నమూనాయే 2014-15 సీజన్‌లో జెర్సీ మీదికి వచ్చింది.

నిర్ణయం అప్పటికే అయిపోయి ఉంటే అభిప్రాయం అడగొద్దు. నిర్ణయమైపోయిందనే చెప్పండి. తూతూమంత్రం సర్వే ఒకసారి పెడితే ఆ తర్వాత నిజంగా అడిగినా ఎవరూ నింపరు.

చెడ్డ కబురు చెప్పే వరుస

2016 ఫిబ్రవరి 6న లివర్‌పూల్ మైదానంలో 77వ నిమిషానికి వేలమంది లేచి వెళ్లిపోయారు. వచ్చే సీజన్‌కు ఒక మ్యాచ్ టికెట్ గరిష్ఠ ధర 77 పౌండ్లన్నారు, అందుకు. అప్పటికి లివర్‌పూల్ 2-0తో ముందుంది, మ్యాచ్ ముగిసేసరికి ఎదుటి జట్టు సండర్‌లాండ్ 2-2 చేసింది. నాలుగు రోజుల్లో యాజమాన్యం క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకుంది.

ధర పెంచక తప్పకపోతే వరుస ఇది. ప్రకటనకు 48 గంటల ముందు సంఘం ప్రతినిధులకు లెక్కలతో చెప్పాలి. ప్రకటన రోజున గంట ముందు టికెట్ కౌంటరు, ఫోన్లు ఎత్తే సిబ్బందికి ఒక పేజీ జవాబులు అందాలి. ఆ తర్వాత సీజన్ టికెట్‌దారులకు ఈమెయిల్. చివర సోషల్ మీడియా. ఎక్కువ క్లబ్బులు దీన్ని తలకిందులుగా చేస్తాయి. అభిమాని ఎక్స్‌లో (పాత ట్విటర్) చూసి కౌంటరుకు ఫోన్ చేస్తే, అక్కడివాళ్లు ‘అవునా సార్, మాకింకా తెలీదు’ అంటారు. శుక్రవారం సాయంత్రం ప్రకటించి ఆఫీసు మూసేయడం మరీ పాత ఎత్తు, అందరూ పసిగడతారు.

ప్రకటన ఇంత ఉంటే చాలు:

‘వచ్చే సీజన్‌కు పెద్దల సీజన్ టికెట్ ధర 5 శాతం పెరుగుతోంది. 18 ఏళ్లలోపు వాళ్లకు, 65 దాటినవాళ్లకు పెంపు లేదు. కరెంటు, భద్రతా సిబ్బంది ఖర్చు ఎంత పెరిగిందో కింది పట్టికలో ఉంది. ఈ పెంపు ఆ తేడాలో సగం పూడుస్తుంది, మిగతా సగం క్లబ్బే భరిస్తుంది. పాత సీటు కావాలంటే మే 31లోగా కట్టాలి. వడ్డీ లేకుండా నాలుగు వాయిదాల్లో కట్టొచ్చు.’

పెంపు మొదటి వాక్యంలోనే ఉంది చూడండి. ‘మీ మద్దతుకు కృతజ్ఞతలు, సరికొత్త ప్రయోజనాలు’ అంటూ మూడు పేరాలు నడిపి, నాలుగో పేరాలో ధర చెబితే, చల్లకొచ్చి ముంత దాచినట్టుంటుంది.

మ్యాచ్ రోజు

మ్యాచ్ జరుగుతుందో లేదో తేలనప్పుడు ‘త్వరలో తెలియజేస్తాం’ అన్న మాట వాడొద్దు. మూడు గంటలు ప్రయాణించాల్సినవాళ్లకు త్వరలో అంటే ఎప్పుడు? ‘రాత్రి వానకు పిచ్ మీద నీళ్లు నిలిచాయి. రిఫరీ 10:30కి చూస్తారు. 10:45కల్లా ఇక్కడే చెబుతాం. దూరంవాళ్లు అప్పటిదాకా బయల్దేరకండి. వాయిదా పడితే ఇదే టికెట్ కొత్త తేదీకి చెల్లుతుంది, రాలేనివాళ్లకు డబ్బు వాపసు.’ 10:45కి ఏమీ తేలకపోయినా ఆ మాటే పెట్టండి, తర్వాతి సమయంతో.

ఎదుటి జట్టు అభిమానులకు గేటు నంబరు, బస్సులు ఆపే చోటు, బ్యాగు కొలత, డప్పులు, జెండా కర్రల నియమాలు వారం ముందే వాళ్ల ఎస్‌ఎల్‌ఓ ద్వారా పంపండి. పెద్ద బ్యానరు కట్టాలనుకునే సంఘాలకు గుడ్డ కొలత, మంట త్వరగా అంటుకోదన్న ధ్రువపత్రం, గడువు ముందే చెప్పాలి. గేటు దగ్గర చుట్ట విప్పించి ఆపేస్తే ఆ కోపం మ్యాచంతా ఉంటుంది.

అభిమాని వైపు నుంచి

ఫిర్యాదు రాసేవాళ్లూ కొంత పద్ధతి పాటిస్తే పని త్వరగా అవుతుంది. ఒక ఉత్తరంలో ఒకే సంగతి. మ్యాచ్ తేదీ, గేటు, బ్లాకు, వరుస, సీటు నంబరు, ఎన్ని గంటలకు జరిగింది, ఫొటో ఉంటే ఫొటో. చివర ఏం కావాలో: డబ్బు వాపసా, సీటు మార్పా, సిబ్బందికి హెచ్చరికా? సిబ్బంది పేరు తెలియకపోతే జాకెట్ మీది నంబరు చాలు. పది పనిదినాలు చూసి, జవాబు రాకపోతే అదే ఉత్తరాన్ని పాత తేదీతో సహా సంఘానికి పంపండి. తర్వాతి ఎజెండాలో అంశంగా ఎక్కించడానికి వాళ్లకు ఆ కాగితం కావాలి.