ఇంట్లో చేసిన డీవీడీలో సౌండ్ పగులుతోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

కంప్యూటర్లో చూసినప్పుడు బాగానే ఉన్న వీడియో, డీవీడీ రాసి ప్లేయర్లో పెట్టేసరికి గరగరమంటుంది. అనుమానం వెంటనే ఎన్‌కోడర్ (శబ్దాన్ని డీవీడీకి తగ్గట్టు కుదించే ప్రోగ్రాము) మీదికి పోతుంది. బిట్‌రేటు (సెకను శబ్దానికి వాడే డేటా) పెంచి మళ్లీ రాస్తారు. ఇంకో డిస్కు వృథా అవుతుంది తప్ప గరగర తగ్గదు. ఎందుకంటే చాలాసార్లు శబ్దం ఎన్‌కోడర్ దాకా రాకముందే చెడిపోయి ఉంటుంది. అది ఏ దశలో చెడిందో తెలియకుండా సెట్టింగులు మార్చుకుంటూ పోతే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

కాబట్టి ముందు ఆ దశను పట్టుకోవాలి. వీడియోలో బాగా గట్టిగా శబ్దం వచ్చే పది సెకన్ల ముక్క ఒకటి ఎంచుకోండి, చప్పట్లో డోలు దెబ్బో ఉన్న చోటు అయితే మంచిది. అదే ముక్కను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వరసగా వినండి: మొదట క్యాప్చర్ చేసిన (కంప్యూటర్లోకి ఎక్కించిన) ఫైలు, తర్వాత ఎడిటర్ నుంచి బయటికి తీసిన వేవ్ ఫైలు (కుదించని శబ్దం), ఆ తర్వాత ఎన్‌కోడర్ కుదించి ఇచ్చిన ఏసీ-3 (డాల్బీ డిజిటల్) ఫైలు, చివరగా డిస్కుకు రాసే వీడియో_టీఎస్ ఫోల్డర్‌లోని వీఓబీ ఫైలు (బొమ్మ, శబ్దం కలిసి ఉండేది). ఎక్కడ మొదటిసారి పగిలిందో, దానికి ముందు చేసిన పనిలోనే లోపం ఉంది. నాలుగూ శుభ్రంగా వినిపిస్తే డిస్కునో ప్లేయర్‌నో చూడాలి. కొనుక్కున్న డీవీడీ ఒకటి అదే ప్లేయర్లో వేసి చూడండి. అది కూడా పగిలితే కేబులు తప్పు సాకెట్‌లో ఉందేమో చూసుకోవాలి, ఎన్‌కోడింగ్‌తో పని లేదు.

గట్టిగా ఉన్న చోట్ల మాత్రమే పగులుతోంది

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. మాటలు బాగానే ఉంటాయి, ఎవరైనా గట్టిగా నవ్వినా మైకు ముందు పాడినా బరబరమంటుంది. దీన్ని క్లిప్పింగ్ అంటారు. డిజిటల్ శబ్దంలో 0 డెసిబెల్స్ అనేది పైకప్పు. దాన్ని దాటిన భాగం ఎక్కడా నమోదు కాదు, తెగిపోతుంది.

కళ్లతో చూడాలంటే వేవ్ ఫైలును ఆడాసిటీ అనే ఉచిత సౌండ్ ఎడిటర్‌లో తెరిచి, పగిలిన చోటికి వెళ్లి, ఒక్కో శాంపుల్ (శబ్దాన్ని కొలిచిన ఒక్కో విలువ) చుక్కగా కనపడేదాకా జూమ్ చేయండి. మామూలు శబ్దమైతే అల పైకి లేచి గుండ్రంగా తిరిగి కిందికి దిగుతుంది. క్లిప్ అయితే పైకి లేచిన గీత అంచుకు తగిలి, నాలుగైదు చుక్కలు ఒకే మట్టంలో అడ్డంగా నడిచి, తర్వాత కిందికి పడుతుంది. వ్యూ మెనూలో షో క్లిప్పింగ్ ఆన్ చేస్తే అలాంటి చోట్లు ఎర్ర గీతలతో కనిపిస్తాయి.

ఒక మెలిక ఉంది. ఆ బల్లపరుపు భాగం అంచు దగ్గర కాకుండా మధ్యలో ఎక్కడో కనపడవచ్చు. అంటే ముందే క్లిప్ అయిన శబ్దాన్ని తర్వాత ఎవరో తగ్గించారన్నమాట. అప్పుడు ఎర్ర గీతలు రావు, మీటరు కూడా అంతా సవ్యంగా ఉందనే చెబుతుంది. తెగిన అల వాల్యూమ్ తగ్గించినా తెగినట్టే ఉంటుంది, ఇది గుర్తుంచుకోండి.

పాత వీడియో టేపుల నుంచి తీస్తున్నప్పుడు దీనికి తరచు కారణం కేబులు మైక్ ఇన్‌లో పెట్టడమే. మైక్ ఇన్ మిల్లీవోల్టుల సిగ్నల్ కోసం చేసింది, వీసీఆర్ బయటికిచ్చేది సుమారు 0.3 వోల్టులు. లోపలి గెయిన్ ఎంత తగ్గించినా మొదటి మెట్టులోనే పగిలిపోతుంది. లైన్ ఇన్ వాడండి. ల్యాప్‌టాప్‌లో లైన్ ఇన్ లేకపోతే, లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం తీసుకోవడమే దారి. మైక్ బూస్ట్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. రికార్డు చేసేటప్పుడు గట్టి శబ్దాలు -12 నుంచి -6 డెసిబెల్స్ మధ్య ఉండేలా చూసుకుంటే చాలు. తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు, తెగిపోతే తెచ్చుకోలేం.

టేపు ఇంకా చేతిలో ఉంటే మళ్లీ క్యాప్చర్ చేయండి, నా సలహా అదే. లేకపోతే ఆడాసిటీలోని క్లిప్ ఫిక్స్ తెగిన కొసలను అంచనా కట్టి పూరిస్తుంది. అక్కడక్కడా తెగిన వాటికి బాగానే పనిచేస్తుంది, పాటంతా పగిలితే పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

ఎడిటర్‌లో రెండు ట్రాకులు కలిపినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. విడివిడిగా రెండూ సవ్యమే, కలిస్తే పైకప్పు దాటుతాయి. 5.1 (ఆరు ఛానళ్ల) శబ్దాన్ని స్టీరియోగా దించేటప్పుడు ఇంకా ఎక్కువ. ఎడమ ఛానల్‌కు మధ్య ఛానల్, వెనక ఎడమ ఛానల్ ఒక్కొక్కటి 3 డెసిబెల్స్ తగ్గించి కలిపినా, మూడూ ఒకేసారి గరిష్ఠానికి చేరితే మొత్తం దాదాపు 7.6 డెసిబెల్స్ పైకి పోతుంది. ఇక్కడ మాస్టర్ ఫేడర్ తగ్గించి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే సరిపోతుంది. ఎలాగూ ఏసీ-3 చేసేముందు గరిష్ఠ మట్టం -3 డెసిబెల్స్ దగ్గర ఆపండి. కుదించిన శబ్దాన్ని తిరిగి విప్పినప్పుడు అలలు అసలు కన్నా కాస్త పైకి లేవగలవు.

గొంతులు సన్నబడి, మాట వేగం పెరిగింది

శాంపుల్ రేటు (సెకనుకు ఎన్ని శాంపుళ్లు అనేది) తప్పింది. డీవీడీ వీడియోకు 48 కిలోహెర్ట్జ్ కావాలి (కుదించని శబ్దమైన పీసీఎంలో 96 కూడా ఒప్పుకుంటుంది). ఆడియో సీడీ నుంచి తీసిన పాట 44.1లో ఉంటుంది. దాన్ని మార్చకుండా 48 అని పేరు మాత్రం తగిలిస్తే గంట శబ్దం 55 నిమిషాలకే అయిపోతుంది, గొంతు దాదాపు ఒకటిన్నర స్వరస్థానాలు పైకి పోతుంది. ఎడిటర్ ప్రాజెక్టును మొదటి నుంచే 48లో పెట్టుకోండి. 44.1 ఫైళ్లను విడిగా, మంచి నాణ్యత సెట్టింగుతో రీశాంపుల్ చేసి తెచ్చుకోండి. నాసిరకం రీశాంప్లింగ్ తాళాల శబ్దంలో లోహపు గీరలాంటి మోత కలుపుతుంది.

శబ్దం ఉబ్బుతూ, తగ్గుతూ ఉంది

ఇది పగలడం కాదు గానీ విన్నవాళ్లు అలాగే చెబుతారు. డోలు దెబ్బ పడగానే పాట మొత్తం కిందికి కుంగి మెల్లగా లేస్తుంది. ఏసీ-3 ఎన్‌కోడర్‌లో డైనమిక్ రేంజ్ కంప్రెషన్ (గట్టి, మెల్లని శబ్దాల మధ్య తేడా తగ్గించే సెట్టింగు) ఫిల్మ్ స్టాండర్డ్ మీద ఉండిపోయిందేమో చూడండి, None (ఏదీ వద్దు) కు మార్చండి. పక్కనే ఉండే డయలాగ్ నార్మలైజేషన్‌ను (మాటల మట్టం ఎంతో ప్లేయర్‌కు చెప్పే అంకె) -31 చేస్తే ప్లేయర్ శబ్దాన్ని తగ్గించదు. చాలా ప్రోగ్రాములు -27 పెట్టి ఇస్తాయి, అంటే 4 డెసిబెల్స్ తగ్గింపు. ఇవి రెండూ ఫైలులో సూచనలుగా ఉంటాయి, పాటించేది ప్లేయర్. అందుకే ఒక ప్లేయర్లో ఉబ్బినట్టుండి ఇంకో దాంట్లో మామూలుగా వినపడవచ్చు. ప్లేయర్ మెనూలో నైట్ మోడ్ ఆన్‌లో లేదని కూడా చూసుకోండి.

నీళ్లలోంచి వస్తున్నట్టు మసకగా ఉంది

ఇక్కడ మాత్రం తప్పు బిట్‌రేటుదే. స్టీరియో ఏసీ-3కి సెకనుకు 192 కిలోబిట్లకు తక్కువ కాకుండా చూడండి, పాటలుంటే 256. 5.1కి 448, డీవీడీలో ఏసీ-3కి అదే గరిష్ఠం. మూలం తక్కువ బిట్‌రేటు ఎంపీ3 అయితే ఎంత పెంచినా లాభం లేదు, అసలు రికార్డింగు వెతకాలి.

స్థలం ఉంటే పీసీఎం పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. 16 బిట్ల స్టీరియోకు 1536 కిలోబిట్లు పడుతుంది. చిన్న కచేరీ డీవీడీకి నేను దాన్నే ఎంచుకుంటాను. కానీ వీడియో, శబ్దం అన్నీ కలిపి సెకనుకు 10.08 మెగాబిట్లు దాటకూడదు, రాసిన డిస్కులను పాత ప్లేయర్లు ఆ దగ్గర చదవలేక ఆగి ఆగి వినిపిస్తాయి. మొత్తం 8 లోపు ఉంచండి.

ఒకటే హోరు, లోపల ఏమీ వినపడదు

ఏసీ-3 డేటాను ఏదో ఒకటి పీసీఎం అనుకుని వాయిస్తోంది. లేదా ముడి పీసీఎంలో బైట్ల వరస తిరగబడింది: వేవ్ ఫైలులో చిన్న బైటు ముందు ఉంటుంది, డీవీడీ పీసీఎంలో పెద్దది ముందు. ముడి ఫైలు బదులు వేవ్ ఫైలునే ఆథరింగ్ ప్రోగ్రాముకు (డీవీడీ ఫోల్డర్ తయారుచేసేది) ఇస్తే ఆ మార్పు అదే చూసుకుంటుంది. హోరు టీవీ దగ్గరే వస్తూ వీఓబీ శుభ్రంగా ఉంటే, ప్లేయర్ డిజిటల్ అవుట్‌ను బిట్‌స్ట్రీమ్ (కుదించిన డేటాను అలాగే పంపడం) నుంచి పీసీఎంకు మార్చి చూడండి.