ఆఫీసు సెల్లారులో పిల్లులు: ముందు లెక్క, తర్వాత బోను, ఆ తర్వాతే గిన్నె

క్యాంటీన్ వెనక ఒక పిల్లి కనబడిందంటే అక్కడ ఉన్నది ఒక్కటే అనుకోవద్దు. జనరేటర్ గది, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ల వెనక సందు, స్టోర్‌లో అట్టపెట్టెల దొంతరలు, సెల్లారులో నెలల తరబడి కదలని కారు కింద చోటు... ఇవన్నీ చూడాలి. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు వస్తుంది. చూలు 63 నుంచి 65 రోజులు. ఈతకు మూడు నుంచి ఐదు పిల్లలు. అవి ఇంకా పాలు తాగుతుండగానే తల్లి మళ్ళీ ఎదకు రాగలదు. ఉగాదికి చూలుతో ఉన్న పిల్లి దసరా నాటికి రెండో ఈత ఈని ఉంటే ఆశ్చర్యం లేదు.

పిల్లికి బిచ్చం పెట్టనివాళ్ళున్న ఆఫీసు కంటే, బిచ్చం పెట్టి ఊరుకునేవాళ్ళున్న ఆఫీసులోనే పిల్లలు ఎక్కువ చచ్చిపోతాయి. తిండి దొరికిన కొద్దీ ఈతలు పెరుగుతాయి, పుట్టిన వాటిలో చాలా భాగం చక్రాల కిందో జబ్బుతోనో పోతాయి. కాబట్టి గిన్నె పెట్టేవాళ్ళు, ఇక పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్ బాధ్యత కూడా తీసుకోవాలి.

"గోనెసంచిలో కట్టి ఊరవతల వదిలేద్దాం" అనే మాట ప్రతిచోటా వస్తుంది. అది పనిచేయదు. తిండీ నీడా అలాగే ఉంటాయి గనక, ఖాళీ అయిన చోటికి పక్క వీధి పిల్లులు వస్తాయి. వదిలేసినవి ఎరగని చోట ఆకలికి మాడతాయి, లేదా వెనక్కి రాబోయి రోడ్డు మీద పోతాయి. విషం పెట్టడం నేరం: భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా జైలు పడవచ్చు. అడ్మిన్ వాళ్ళకు ఇది చెప్పి, బోను పెట్టే తేదీలకు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పెస్ట్ కంట్రోల్ ఏ రోజు వస్తుందో కూడా అప్పుడే అడగండి. ఎలుకల మందు తిన్న ఎలుకను తింటే పిల్లికీ ముప్పే. ఎలుకల జిగురు అట్టకు పిల్లపిల్లి అంటుకుంటే లాగొద్దు, వంటనూనె రాస్తూ మెల్లగా విడదీయాలి.

లెక్క

ఐదు రోజులు, ఒకే వేళకు, పొద్దున షిఫ్టు మొదలవకముందూ సాయంత్రం చీకటి పడ్డాకా తిరిగి చూడండి. ప్రతి పిల్లికీ రెండు పక్కలా ఫోటో తీసి ఒక నంబరు ఇవ్వండి. తెలుపు, నలుపు, నారింజ మూడూ ఉన్నది దాదాపు ఎప్పుడూ ఆడదే. బుగ్గలు ఉబ్బి తల పెద్దగా ఉన్నది గండుపిల్లి. చన్నులు బయటికి తేలి, చుట్టూ వెంట్రుకలు రాలి ఉంటే పాలిచ్చే తల్లి. ఈ గుర్తు అన్నిటికంటే ముఖ్యం. ఎందుకో కింద చెబుతాం.

తోక నిటారుగా నిలిపి, మీ కళ్ళలోకి చూసి మ్యావ్ అంటూ దగ్గరికొచ్చేది అడవితనం ఉన్న పిల్లి కాదు. ఎవరో వదిలేసిన పెంపుడుది. దానికి ఇల్లు వెతకవచ్చు. మిగతావాటిని ముట్టుకోవాలని చూడొద్దు. ఊరి చివరి ఫ్యాక్టరీల్లో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. కాళ్ళు పొడుగ్గా, తోక పొట్టిగా, ఒళ్ళంతా ఇసుకరంగుగా ఉంటే అది అడవిపిల్లి (జంగిల్ క్యాట్) కావచ్చు. ఫాల్స్ సీలింగు మీద నడిచేది మూతి కోసుగా, తోక దాదాపు ఒంటి పొడుగంత ఉంటే మానుపిల్లి. రెండూ వన్యప్రాణుల చట్టం కిందికి వస్తాయి. బోను తీసేసి అటవీశాఖకు చెప్పండి.

డాక్టరు దొరికాకే బోను

ముందు బోను పెట్టి, పిల్లి పడ్డాక డాక్టరు కోసం ఫోన్లు చేయడం అందరూ చేసే తప్పు. ముందే నాలుగు మాటలు అడగండి: మచ్చికలేని పిల్లికి బోనులోంచే మత్తు ఇస్తారా? కరిగిపోయే కుట్లు వేస్తారా? అదే మత్తులో రేబిస్ టీకా వేసి, ఎడమ చెవి కొస సెంటీమీటరు మేర అడ్డంగా కత్తిరిస్తారా? పాలిచ్చే తల్లి పడితే ఏం చేస్తారు? చెవి కొస సంగతి వదలొద్దు. ఆపరేషన్ అయిందని పదడుగుల దూరం నుంచి తెలిసే గుర్తు అదొక్కటే. అది లేకపోతే అదే పిల్లిని మళ్ళీ పట్టి మళ్ళీ మత్తిచ్చి కోస్తారు. ఖర్చు మోయలేకపోతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో అడిగి చూడండి. పిల్లపిల్లి కిలో బరువు దాటితే చాలామంది డాక్టర్లు చేస్తారు.

పట్టే రోజు

ఎలుకల బోను చాలదు. పొడవు 75 నుంచి 90 సెంటీమీటర్లు, వెడల్పు, ఎత్తు 30 చొప్పున ఉండాలి. జాలి కన్ను అంగుళం మించితే పిల్లి మూతి దూర్చి గాయపరచుకుంటుంది. వెల్డింగ్ షాపులో చేయిస్తే తీగ కొసలన్నీ వేలితో తడిమి చూడండి.

మూడు రోజుల ముందు నుంచే బోను తలుపు తీగతో పైకి కట్టేసి, రోజూ తిండి దాని పక్కన, తర్వాత గుమ్మంలో, తర్వాత లోపల పెట్టండి. పట్టడానికి 24 గంటల ముందు నుంచి తిండి పూర్తిగా ఆపాలి, నీళ్ళు మాత్రం ఉంచాలి. ఇక్కడే పని చెడుతుంది. నాలుగు గంటల టీకి దిగి పార్లేజీ విరిచి పడేసే మనిషి ఒకడు ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు. హౌస్ కీపింగ్ అక్కకూ, నైట్ సెక్యూరిటీ అన్నకూ ముఖాముఖి చెప్పాలి, నోటీసు అంటిస్తే సరిపోదు.

క్యాబులు రాకముందు, తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టండి. చదునైన చోట పెట్టండి, ఎందుకంటే కాలు పెట్టగానే బోను ఊగితే ఆ పిల్లి వెనక్కి తగ్గుతుంది. అడుగున వార్తాపత్రిక పరిచి అంచులు క్లిప్పులతో బిగించండి, గాలికి రెపరెపలాడకూడదు. ఎరగా వేయించిన కానాగంత ముక్క గానీ, ఎండుచేప గానీ వాడండి, వాసన దూరం పోతుంది. పెద్ద ముక్క తొక్కుడు పలకకు (కాలు పడగానే తలుపు పడేలా చేసే పలక) అవతల, బోను చివర గోడకు ఆనించి పెట్టాలి. గుమ్మం నుంచి పలక దాకా గోరంత తునకలు మూడో నాలుగో చాలు. ఎర పలకకు ఇవతలే ఉంటే, పొడుగు పిల్లి పలక తొక్కకుండానే మెడ చాచి తినేసి వెళ్ళిపోతుంది.

తలుపు పడీ పడగానే మందపాటి దుప్పటి నాలుగు పక్కలా కప్పేయండి. అప్పటిదాకా జాలికి తల బాదుకున్న పిల్లి చీకటి పడగానే సద్దుమణుగుతుంది. కప్పడం ఆలస్యమైతే ముక్కు, గోళ్ళు రక్తమవుతాయి. దుప్పటి కొస కాస్త ఎత్తి చెవి, చన్నులు చూడండి. చెవి కొస లేకపోతే అక్కడే వదిలేయండి, ఆపరేషన్ అయినదే. పాలిచ్చే తల్లి అయి, పిల్లలెక్కడున్నాయో తెలియకపోతే వదిలేయడమే మంచిది. అది రాత్రి తిరిగి రాకపోతే పసికూనలు చచ్చిపోతాయి. పిల్లలకు ఐదారు వారాలొచ్చి సొంతంగా తింటున్నప్పుడు తల్లినీ పిల్లలనూ కలిపి పట్టండి.

బోనును కంటికి ఆనేంత దూరంలోంచి చూస్తూ ఉండాలి, వదిలి వెళ్ళకూడదు. ఎండ, కుక్కలు ఒక పక్క, చేప వాసనకు వచ్చే చీమలు ఇంకో పక్క. ఆపరేషన్ అయ్యి మత్తులో ఉన్న పిల్లి మీద చీమలు ఎక్కితే అది విదిలించుకోలేదు. బోను భయం పట్టిన పిల్లికి వేరే దారి ఉంది: పెద్ద జాలిబుట్ట బోర్లించి, ఒక అంచు లీటరు నీళ్ళ సీసా మీద నిలిపి, సీసా మెడకు తాడు కట్టి దూరంగా కూర్చోండి. పిల్లి బుట్ట నడుమకొచ్చాక లాగాలి. తోక బయట ఉండగా లాగొద్దు.

ఆడవాటిని ముందు పట్టండి. నెలకొకటి చొప్పున సాగదీస్తే మీరు పట్టేలోగా మిగతావి ఈనేస్తాయి.

కరిస్తే మాత్రం పని అక్కడితో ఆపేయాలి. పిల్లి కోర పైకి చిన్న చుక్కలా కనబడినా లోతుగా దిగుతుంది, లోపల చీము పడుతుంది. పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, పసుపూ సున్నం ఏదీ పూయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. రేబిస్ టీకా సర్కారు ఆసుపత్రిలో దొరుకుతుంది. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులకు వేస్తారు. గీత చిన్నదని వదిలేయకండి.

ఆపరేషన్ తర్వాత

గండుపిల్లిని ఒక రోజు, ఆడదాన్ని రెండు రోజులు బోనులోనే, దుప్పటి కప్పి, జనం తిరగని గదిలో ఉంచాలి. ఆ గది ఫినాయిల్‌తో తుడవొద్దు, అది పాదాలకంటి, నాకితే పిల్లులకు విషం. తల నిలిపి కూర్చున్నాకే గుప్పెడు తిండి. రక్తం చుక్కలుగా కారుతున్నా, 24 గంటలు గడిచినా తినకపోయినా డాక్టరుకు చెప్పండి. నొప్పికని పారాసెటమాల్ ఇస్తే పిల్లి చనిపోతుంది. మాత్రలో పావు వంతైనా వద్దు. పట్టిన చోటే, తలుపు రోడ్డు వైపు కాకుండా పొదల వైపు తిప్పి వదలండి.

ఒంటరి పిల్ల కనబడితే

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, ఇదే ఆ తిప్పడం. ఒక్కొక్క దాన్నే నోట కరచి తీసుకెళుతుంది గనక, మధ్యలో మీకు కనబడినది అనాథ కాకపోవచ్చు. దూరంగా జరిగి కొన్ని గంటలు చూడండి. తల్లి రాకపోకలు అనుమానంగా ఉంటే పిల్ల చుట్టూ గోధుమపిండి సన్నగా చల్లితే పాదముద్రలు తెలుస్తాయి. నిజంగా తల్లి లేదని తేలితే, పాలకంటే ముందు వెచ్చదనం. ఒళ్ళు చల్లబడిన పిల్లకు పాలు పడితే అరగవు. బట్ట చుట్టిన వేడినీళ్ళ సీసా ఆనించి, ఒళ్ళు వెచ్చబడ్డాక, బోర్లా పడుకోబెట్టి, పిల్లిపిల్లల పాలపొడి కలిపి పట్టాలి. ఆవుపాలు పోస్తే విరేచనాలు.

గిన్నె

ఒక్కో పెద్ద పిల్లికి రోజుకు 50 నుంచి 60 గ్రాముల పొడి మేత. రోజూ ఒకే వేళకు, ఒకే మూల, అరగంటలో గిన్నె తీసేయాలి. రాత్రంతా వదిలేస్తే ఎలుకలకు పెట్టినట్టే, ఎలుకల వెనక పాములు. గిన్నెను నీళ్ళు పోసిన వెడల్పు పళ్ళెంలో ఉంచితే చీమలు ఎక్కవు. క్యాంటీన్ మిగులు పెట్టేటట్టయితే ఉల్లి, వెల్లుల్లి, ఉడికిన ఎముకలు లేకుండా చూడండి. మంచినీళ్ళు మట్టి మూకుడులో, తిండికి కాస్త దూరంగా.

వానాకాలానికి చేపల లారీల నుంచి వచ్చే థర్మోకోల్ పెట్టె కడిగి, పక్కకు 15 సెంటీమీటర్ల కన్నం కోసి, ఇటుకల మీద లేపండి. లోపల గుడ్డలూ గోనెలూ వద్దు, తడిసి ఆరవు. వార్తాపత్రిక ముక్కలు వేసి వారానికోసారి మార్చండి. చలి మొదలయ్యాక వెచ్చటి ఇంజిన్ల మీదికి ఎక్కుతాయి గనక, బండి తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టమని డ్రైవర్లకు చెప్పండి.

సంక్రాంతి సెలవులకు వారం ముందే ఎవరు ఏ రోజు వస్తారో గేటు దగ్గరి రిజిస్టరులో పేర్లు రాయించి, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో పక్కనే రాయండి. కొత్తగా చెవి కొస ఉన్న పిల్లి కనబడితే సెక్యూరిటీ అన్న ఆ రిజిస్టరులోనే తేదీ వేస్తే చాలు, మళ్ళీ బోను బయటికి తీయవచ్చు.