జవాను నుంచి ఆఫీసరు: ఏ ఆర్మ్ కోరుకోవాలి?

సర్వీస్ ఎంట్రీలో, అంటే సైన్యంలో ఉంటూనే ఆఫీసరయ్యే దారిలో, సెలెక్ట్ అయిన జవాన్లు చాలామంది ఆర్మ్ (సైన్యంలో ఏ విభాగం) సంగతి డెహ్రాడూన్‌ అకాడమీలో చాయిస్‌లు అడిగినప్పుడు చూసుకుందాంలే అనుకుంటారు. అప్పటికి సగం తలుపులు మూసుకుపోయి ఉంటాయి. మెరిట్, ఖాళీలు, మెడికల్ కేటగిరీ, చదువు, తండ్రి రెజిమెంట్ క్లెయిమ్ ఇవన్నీ కలిపి చూసి ఆర్మ్ ఇస్తారు. మీరు రాసే చాయిస్ వాటిలో ఒకటి మాత్రమే.

ముందు వయసు లెక్క వేసుకోండి. ఏసీసీకి (జవాన్లను ఆఫీసర్లుగా తయారుచేసే ఆర్మీ క్యాడెట్ కాలేజీ) 20 నుంచి 27 ఏళ్ల మధ్య ఉండాలి, కనీసం రెండేళ్ల సర్వీసు, ఇంటర్ పాస్ కావాలి. ఏసీసీలో మూడేళ్లు, ఆపైన ఐఎంఏలో (డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీ) ఏడాది. అంటే 27లో చేరినవాడికి కమిషన్ (ఆఫీసరు హోదా) వచ్చేసరికి 31. ఇరవై రెండేళ్లకే స్టార్లు పెట్టుకున్న ఎన్‌డీఏ (ఇంటర్ తర్వాత నేరుగా చేరే అకాడమీ) కుర్రాడు మీ కోర్స్‌మేటే అవుతాడు. కమిషన్ తర్వాత రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, 13 ఏళ్లకు లెఫ్టినెంట్ కర్నల్. కర్నల్ కావాలంటే సెలెక్షన్ బోర్డు దాటాలి. 31లో మొదలుపెట్టినవాడు లెఫ్టినెంట్ కర్నల్ అయ్యేసరికి 44. కర్నల్‌గా రిటైర్‌మెంట్ 54కే కాబట్టి ఆపైన ఎక్కడానికి మెట్లు తక్కువ. స్పెషల్ కమిషన్డ్ ఆఫీసర్ దారిలో, అంటే 28 నుంచి 35 మధ్య వచ్చేవాళ్లకు, ఈ లెక్క ఇంకా బిగుసుకుంటుంది. ఇదంతా భయపెట్టడానికి కాదు. ముప్పై ఒకటిలో ఇన్‌ఫాంట్రీ (కాల్బలం) కోరితే, మీకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడితో సమానంగా కొండ ఎక్కాలని, మోకాళ్లను అడిగి మరీ రాయాలని చెప్పడానికే.

రెండో తలుపు చదువు. ఏసీసీలో సైన్సు, హ్యుమానిటీస్ రెండు స్ట్రీములు ఉంటాయి, డిగ్రీ జేఎన్‌యూ ఇస్తుంది. ఇంజినీర్స్, సిగ్నల్స్ (సమాచార వ్యవస్థ), ఈఎంఈ (ఆయుధాలు, వాహనాల మరమ్మతు) మీద మనసుంటే సైన్సు తీసుకోకుండా ఆ ఆశ పెట్టుకోవద్దు. ఈ మూడు టెక్నికల్ కోర్‌లలో కమిషన్ తర్వాత ఆఫీసర్లకు ఇంజినీరింగ్ డిగ్రీ చేయిస్తారు: ఇంజినీర్స్‌కు పుణెలో, సిగ్నల్స్‌కు మౌలో, ఈఎంఈకి మన సికింద్రాబాద్‌లో. ఇంటర్ మ్యాథ్స్ వదిలేసి ఏడెనిమిదేళ్లయిందా? ఏసీసీ మొదటి ఏడాదే ఇంటిగ్రేషన్ దగ్గర్నుంచి దులిపి పెట్టుకోండి. ఇక్కడ చాలామంది జారిపోతారు. హ్యుమానిటీస్ తేలిక అని తీసుకుని, మూడేళ్ల తర్వాత సిగ్నల్స్ రాలేదని బాధపడతారు.

ఇక పాత ఆర్మ్‌కే వెళ్లాలా అన్న ప్రశ్న. గన్‌మీద పనిచేసినవాడికి ఆర్టిలరీలో (ఫిరంగి దళంలో) పని తెలుసు. బ్యాటరీలో (కొన్ని ఫిరంగులున్న దళంలో) గన్ పొజిషన్ ఆఫీసరుగా కొత్త లెఫ్టినెంట్ తడబడే చోట, ఫైర్ కంట్రోల్ లెక్కలు చేసిన మాజీ జవాను నిలబడతాడు. కానీ ఓపీ (అబ్జర్వేషన్ పోస్ట్) ఆఫీసరుగా ఇన్‌ఫాంట్రీ కంపెనీతో ముందుకెళ్లి, గుండు ఎక్కడ పడిందో చూసి సరిదిద్దడం వేరే పని. గన్ దగ్గర నేర్చుకున్నది అక్కడ సగమే పనికొస్తుంది. పైగా నిన్నటిదాకా మీరు ఉస్తాద్ అని పిలిచిన హవల్దారు ఎక్కడో ఒకచోట ఎదురుపడి మీకు సెల్యూట్ కొడతాడు. దాన్ని సహజంగా తీసుకోగలిగితే పాత ఆర్మ్ మంచిదే. ఆర్టిలరీ లాంటి పెద్ద ఆర్మ్‌లో రెజిమెంట్లు ఎక్కువ కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ. కొన్ని బెటాలియన్లే ఉన్న ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్‌లో పాత ముఖాలు తరచూ తగులుతాయి. స్టోర్ కీపర్‌గా, క్లర్క్‌గా పనిచేసినవాళ్లకు ఏఎస్‌సీ (సరఫరా, రవాణా), ఏఓసీ (ఆయుధాలు, సామగ్రి స్టోర్లు) చేతికందినట్టుంటుంది. అయితే అక్కడ సంతకం మీదే బతుకు. లెడ్జర్‌లో ఒక లైను తేడా వస్తే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ జవాను దగ్గర ఆగదు, ఆఫీసరు పేరు దాకా వస్తుంది. లాజిస్టిక్స్ అంటే తీరిక అనుకోకండి. ఏఎస్‌సీ, ఏఓసీ ఆఫీసర్లనూ మొదట్లో ఇన్‌ఫాంట్రీతో అటాచ్ చేస్తారు.

ఇన్‌ఫాంట్రీ కోరేవాళ్లు భాష సంగతి చూసుకోండి. సిఖ్ రెజిమెంట్‌కెళ్తే పంజాబీ, గోర్ఖాలకెళ్తే నేపాలీ నేర్చుకోవాల్సిందే. మనవాళ్లకు మద్రాస్ రెజిమెంట్ దగ్గరగా అనిపిస్తుంది. తెలుగు, తమిళం, మలయాళం, కన్నడ మాట్లాడే జవాన్లు కలిసి ఉంటారు, సెంటర్ వెల్లింగ్టన్‌లో. కానీ ఆఫీసర్లను ప్రాంతం చూసి ఇవ్వరు. తెలుగువాడు కుమావూన్ రెజిమెంట్‌లోనూ పడొచ్చు. బ్యాడ్జ్, టోపీ, పైప్ బ్యాండ్ చూసి మురిసిపోయి రాసుకున్న చాయిస్ మొదటి చలికాలంలోనే వెలిసిపోతుంది.

హైదరాబాద్‌వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. గోల్కొండ దగ్గర ఆర్టిలరీ సెంటర్, సికింద్రాబాద్‌లో ఏఓసీ సెంటర్, 1 ఈఎంఈ సెంటర్, తిరుమలగిరిలో ఎంసీఈఎంఈ (ఈఎంఈ ఇంజినీరింగ్ కాలేజీ) అన్నీ ఇక్కడే ఉన్నాయి. లీవులో వచ్చినప్పుడు తెలిసినవాళ్ల ద్వారా ఆయా కోర్‌ల ఆఫీసర్లను కలవండి. అడగాల్సింది "మీ ఆర్మ్ బాగుందా సార్" అని కాదు. "లెఫ్టినెంట్‌గా మొదటి రెండేళ్లు ఎక్కడున్నారు, రోజంతా ఏం చేశారు, ఫీల్డ్ తర్వాత పీస్ ఎన్నేళ్లకొచ్చింది" అని అడగండి (ఫీల్డ్ అంటే సరిహద్దు లాంటి కష్టమైన చోటు, పీస్ అంటే కుటుంబంతో ఉండగలిగే కంటోన్మెంట్). ఇంకో మాట: సెంటర్ ఊళ్లో ఉంది కదా, ఇంటి దగ్గర పోస్టింగ్ దొరుకుతుందని ఈఎంఈ రాసేవాళ్లున్నారు. ఎంసీఈఎంఈలో చదువుకు వచ్చిపోతారు. ఆ తర్వాత సర్వీసంతా వర్క్‌షాపులున్న చోటే ఉంటుంది, అవి లద్దాఖ్‌లోనూ ఉన్నాయి, రాజస్థాన్‌లోనూ ఉన్నాయి. పెళ్లై పిల్లలున్నవాళ్లు ఈ ఫీల్డ్-పీస్ లెక్కను భార్యతో కూర్చుని మాట్లాడాకే చాయిస్ రాయడం మేలు.

తండ్రి సైన్యంలో పనిచేసి ఉంటే ఆయన రెజిమెంట్‌కు పేరెంటల్ క్లెయిమ్ పెట్టొచ్చు. ఆయన డిశ్చార్జ్ బుక్, యూనిట్ పేరు, నంబరు ఉన్న కాగితాలు ముందే సర్దిపెట్టుకోండి. ఆఖరి నిమిషంలో రికార్డ్ ఆఫీసుకు ఉత్తరం రాస్తే అది వచ్చేలోపు పాసింగ్ ఔట్ అయిపోతుంది. క్లెయిమ్ పెట్టినంత మాత్రాన వస్తుందని కాదు, ఖాళీ ఉండాలి.

చాయిస్ వరస రాసేటప్పుడు పై మూడు స్థానాల్లో పారా (పారాచ్యూట్ దళం), ఆర్మర్డ్ (ట్యాంకులు), ఏవియేషన్ (హెలికాప్టర్లు) అని రాసి, కింద తోచినవి నింపడం మామూలు పొరపాటు. పారాలో ప్రొబేషన్ దాటితేనే నిలుస్తారు. ఏవియేషన్‌కు పైలట్ ఆప్టిట్యూడ్ టెస్టు జీవితంలో ఒక్కసారే, పోతే మళ్లీ లేదు. మెరిట్ మధ్యలో ఉన్నవాడికి పై చాయిస్ అందకపోవడం కొత్తేమీ కాదు కాబట్టి నాలుగు, ఐదు స్థానాల్లో రాసే ఆర్మ్‌ల మీద పై వాటికంటే ఎక్కువసేపు కూర్చోండి. అక్కడ మీకు వచ్చిన పని, మీ వయసు, మీ డిగ్రీ మూడూ కలిసే ఆర్మ్‌నే పెట్టండి.