పెద్ద పవర్ స్టేషన్ కొనేముందు వేసుకోవాల్సిన లెక్కలు

పోర్టబుల్ పవర్ స్టేషన్ (అంటే సాకెట్లున్న పెద్ద బ్యాటరీ పెట్టె) కొనేటప్పుడు చాలామంది కన్ను ముందు పడేది పెట్టె మీద పెద్దగా రాసిన వాట్ల మీద. అది ఒకేసారి ఎంత లోడు మోస్తుందో మాత్రమే చెబుతుంది, ఎంతసేపు నడుస్తుందో తెలియాలంటే లోపల ఎంత కరెంటు నిల్వ ఉంటుందో చెప్పే వాట్-అవర్లు చూడాలి. రెండు చోట్లా 2000 అనే ఉన్నా రెండూ ఒకటి కాదు.

అందుకే కరెంటు పోతే ఏవేవి ఆగకూడదో ముందు కాగితం మీద రాసుకోండి. ఫ్యాన్ 60 వాట్లు, ల్యాప్‌టాప్ 60, రౌటర్ 10, మొత్తం 130 అనుకుందాం. 2000 వాట్-అవర్ల యూనిట్ నుంచి ఏసీ సాకెట్ల ద్వారా నిజంగా చేతికొచ్చేది సుమారు 1700, మిగతాది కరెంటు మార్చే పనిలో వేడిగా పోతుంది. 1700ని 130తో భాగిస్తే 13 గంటలు వస్తాయి కదా, కానీ బ్యాటరీ డీసీని ఏసీగా మార్చే లోపలి ఇన్వర్టర్ ఆన్‌లో ఉన్నంతసేపూ తనకోసం తాను 10 నుంచి 30 వాట్ల దాకా తింటూనే ఉంటుంది, మధ్యస్థంగా 20 వాట్లు కలిపితే 11 గంటల చిల్లరే. ఫోన్లు, రౌటర్ లాంటివి డీసీ, యూఎస్‌బీ పోర్టులకు పెట్టి ఏసీ వైపు ఆపేస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. 1500 వాట్ల హీటర్ పెడితే మాత్రం గంట దాటిన కాసేపటికే ఖాళీ.

ఫ్రిజ్ లెక్క వేరు. కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది, పైగా స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతుంది. చిన్న వాట్ మీటర్ తగిలించి 24 గంటలు కొలవండి, అంచనాలతో పని లేదు.

దీనిలో నాకు బాగా నచ్చేది, పొగ లేదు, పెద్దగా చప్పుడు లేదు, గదిలోనే పెట్టుకోవచ్చు. జనరేటర్‌ను ఇంట్లో ఎప్పుడూ నడపకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. కానీ జనరేటర్‌లో ఇంధనం పోస్తే మళ్లీ నడుస్తుంది, ఇది ఖాళీ అయితే ఛార్జ్ చేసే దారి ఉండాలి. రోజుల తరబడి కరెంటు ఉండని చోట సోలార్ ప్యానెళ్లు లేకుండా ఒక్క స్టేషన్‌నే నమ్ముకోవద్దు. 400 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో కూడా 300 దగ్గరే ఇస్తుందనుకుని లెక్క వేయండి, యూనిట్ తీసుకోగల గరిష్ఠ వోల్టేజీని ప్యానెళ్లు దాటకుండా చూసుకోండి.

బరువు సంగతి కొన్నాకే తెలిసొస్తుంది. ఈ సైజు యూనిట్లు సాధారణంగా 20 నుంచి 30 కిలోలు ఉంటాయి, మెట్లెక్కించాలన్నా కారులో పెట్టాలన్నా ఇద్దరుంటే మేలు. మీకు పెద్ద లోడు ఏదీ లేకపోతే ఒక పెద్దదాని బదులు రెండు చిన్నవి తీసుకోమనే చెబుతాను: ఒకటి పాడైనా ఇంకొకటి ఉంటుంది, మోయడమూ తేలిక. పెద్ద మోటారు నడపాలంటే మాత్రం ఒకటే పెద్దది కావాలి, ఎందుకంటే విడి యూనిట్ల శక్తి మామూలుగా కలపలేం. విమానంలో తీసుకెళ్లే ఆలోచన రెండింటికీ వద్దు, ప్రయాణికులకు ఎయిర్‌లైన్ అనుమతితో కూడా 160 వాట్-అవర్లే హద్దు.

బ్యాటరీ ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమైతేనే తీసుకోండి. 3000 సైకిళ్ల (పూర్తిగా ఛార్జ్ చేసి వాడేస్తే ఒక సైకిల్) తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం మిగిలే యూనిట్లు దొరుకుతున్నాయి, పాత ఎన్ఎంసీ (నికెల్-మాంగనీస్-కోబాల్ట్) రకాల్లో చాలావాటికి 500 నుంచి 1000 సైకిళ్లే. అయితే సున్నా డిగ్రీల కంటే చలిలో ఎల్ఎఫ్‌పీని ఛార్జ్ చేయకూడదు.

ఒక్క పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. రెండు వైపులా పిన్నులున్న వైరుతో దీన్ని గోడ సాకెట్‌కు కలిపి ఇల్లంతా వెలిగించాలని చూస్తే, కరెంటు వెనక్కి బయటి లైన్‌లోకి వెళ్లి, ఆ లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టొచ్చు. ఇంటి వైరింగ్‌కు కలపాలంటే ఎలక్ట్రీషియన్‌తో ట్రాన్స్‌ఫర్ స్విచ్ (ఇంటిని బయటి లైన్ నుంచి విడదీసి దీనికి మార్చే స్విచ్) పెట్టించాల్సిందే.

కొన్నాక వాపసు గడువు ముగిసేలోపే మెయిన్ ఆపి, మీ కాగితం మీద ఉన్నవన్నీ దీనికి తగిలించి, పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఒకసారి నడపండి.