‘ఈ ఒక్కసారికేగా’ అనిపిస్తే: యేట్సెర్ హరాతో వేగే పద్ధతులు

మనిషిని చెడు వైపు లాగే బుద్ధిని యూదులు ‘యేట్సెర్ హరా’ అంటారు. దాని చేష్టల గురించి ప్రాచీన యూదు పండితుల చర్చల గ్రంథం తల్మూద్‌లో చాలానే ఉంది.

సమస్య: ‘ఈ ఒక్కసారికే’ అనుకున్నది అలవాటైపోయింది.

కారణం: మొదట్లో యేట్సెర్ హరా సాలీడు దారమంత సన్నగా ఉంటుంది, చివరికి బండి మోకంత లావవుతుంది. దారిన పోయేవాడిలా వస్తుంది, చుట్టంలా దిగబడుతుంది, ఆనక ఇంటి యజమాని అయి కూర్చుంటుంది. తప్పు రెండోసారి చేస్తే అది తప్పులాగే అనిపించదని తల్మూద్ పండితుడు రవ్ హూనా మాట.

పరిష్కారం: మొదటిసారి మనసులో ముల్లు గుచ్చుకుంటుంది కదా, అది మొద్దుబారకముందే పట్టుకోవాలి. యూదుల్లో నడవడి దిద్దుకోవడానికి పుట్టిన 19వ శతాబ్దపు ముసార్ ఉద్యమంవాళ్లు ఇందుకో లెక్కల పద్ధతి పెట్టుకున్నారు: 13 గుణాలు, వారానికొకటి, తప్పిన రోజున ఒక గుర్తు. 13 వారాలయ్యాక మళ్లీ మొదటికి. (ఇది అమెరికా బెంజమిన్ ఫ్రాంక్లిన్ దగ్గర అరువు తెచ్చుకున్నదే!)

సమస్య: కోపమొస్తే చేతిలో ఉన్నది విసిరికొట్టడం.

కారణం: కోపంతో కుండలు పగలగొట్టేవాణ్ణి విగ్రహాలకు మొక్కేవాడితో సమానంగా చూడమన్నారు తల్మూద్ పండితులు. యేట్సెర్ హరా ఇవాళ ‘ఇది చెయ్’ అంటుంది, రేపు ‘అది చెయ్’ అంటుంది, చివరికి ‘పోయి విగ్రహానికి మొక్కు’ అన్నా కాదనలేడు.

పరిష్కారం: ఇంట్లోవాళ్లకు కాస్త భయం పెట్టాల్సి వస్తే రవ్ అహా బర్ యాకోవ్ అనే తల్మూద్ పండితుడు అప్పటికే పగిలిన కుండల్నే పగలగొట్టేవాడట. అంటే చప్పుడు చేసినా పట్టు ఆయన చేతుల్లోనే ఉండేది.

సమస్య: తప్పని తెలుసు, అయినా చెయ్యి ఆగదు.

పరిష్కారం: రేష్ లాకిష్ అనే తల్మూద్ పండితుడు నాలుగు మెట్లు చెప్పాడు. ముందు మంచి బుద్ధిని దాని మీదికి ఉసిగొల్పు. లొంగకపోతే తోరా (యూదుల పవిత్ర గ్రంథం) చదువు. అప్పటికీ లొంగకపోతే దేవుడొక్కడే అని చాటే ‘షెమా’ ప్రార్థన చెయ్యి. ఇంకా లొంగకపోతే చావు గుర్తుచేసుకో. ఈ వరస తప్పకూడదని నా నమ్మకం. నేరుగా నాలుగో మెట్టెక్కితే మిగిలేది దిగులే. దిగులుగా, బద్ధకంగా ఉన్న పహిల్వాన్ ఎంత బలవంతుడైనా ఓడిపోతాడని హసీదీ (యూదుల్లో ఒక భక్తి మార్గం) గురువు ష్నేయూర్ జల్మాన్ హెచ్చరించాడు.

సమస్య: అసలు దీన్ని వేళ్లతో సహా పీకేస్తే?

వద్దు. ఇది లేకపోతే ఎవరూ ఇల్లు కట్టరు, పెళ్లాడరు, వ్యాపారం చేయరు అన్నారు రబ్బీలు (యూదు మతగురువులు). కథ ఒకటుంది: పెద్దలు కామవాంఛను పట్టి మూడు రోజులు బంధించారు. కోరిక లేక కోళ్లు కూడా గుడ్లు పెట్టలేదు; ఓ రోగి కోసం ఇజ్రాయెల్ దేశమంతా వెతికినా ఆ రోజు పెట్టిన గుడ్డు ఒక్కటీ దొరకలేదు. ఇక చేసేది లేక దాని కళ్లు పోగొట్టి వదిలేశారు.